గోనెపట్టా మీద కుట్టిన చిలీ

మా అమ్మమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. అందుకేనేమో, చిలీ ఆడవాళ్ల అర్పియెరాల ఫొటోలు చూడగానే కళ్లు అక్కడే ఆగిపోయాయి. గోనెపట్టా మీద గుడ్డపేలికలతో కుట్టిన బుల్లి మనుషులు, వెనకాల ఆండీస్ కొండలు. మాయమైపోయిన కొడుకుల కథలు అవి.

ఆ కొడుకుల్ని మాయం చేసిన సైనిక నియంత పినోచెట్ కాలంలోనే ఆడవాళ్లు వీధిలోకొచ్చి 'దేశంలోనూ ప్రజాస్వామ్యం, ఇంట్లోనూ ప్రజాస్వామ్యం' అన్నారు. 1988 రెఫరెండంలో నియంత ఓడాడు. 1991లో కొత్త ప్రభుత్వం సెర్నామ్ అనే మహిళా శాఖ పెట్టింది. ఉద్యమంలోని చదువుకున్నవాళ్లు కొందరు అందులో చేరిపోయారు. (నేనైనా చేరేదాన్నే, జీతం చేదా?) బస్తీ ఆడవాళ్లు చాలావరకు బయటే ఉండిపోయారు.

విడాకుల చట్టం వచ్చేసరికి 2004. పినోచెట్ దిగిపోయే ముందు 1989లో పెట్టిన పూర్తి అబార్షన్ నిషేధమైతే 2017 దాకా కదల్లేదు.