బీరువాలో ఏం పెడదాం?

మాస్టార్ల గురించి, ఇంటర్వెల్ గంట గురించి, సిరిమానోత్సవం సెలవుల గురించి రాసేవాళ్లు మన విజయనగరం హైస్కూలు పూర్వ విద్యార్థుల ఈ సంచికలో చాలామందే ఉంటారు. నేను మాత్రం పుస్తకాల జోలికి పోతాను. బడి లైబ్రరీకి పుస్తకాలు కొనిద్దామని మన బ్యాచ్ గ్రూపులో అనుకున్నాం కదా. ఆ తర్వాత తలా ఒక జాబితా పెట్టారు. చూస్తే గుండె గుభేలుమంది. జనరల్ నాలెడ్జి, వ్యక్తిత్వ వికాసం, క్విజ్జులు, మహనీయుల జీవితాలు. వెతికినా ఒక్క నవల కనబడలేదు. "హైస్కూలు పిల్లలకి నవలలెందుకురా, చెడిపోడానికా?" అని మనవాడొకడు అడిగాడు. వాడికిదే నా జవాబు.

మన రోజుల్లో లైబ్రరీ అంటే స్టాఫ్ రూము గోడకి ఆనించిన పచ్చ రంగు బీరువా. దాని తాళం డ్రిల్లు మాస్టారి దగ్గర ఉండేది. ఫుట్‌బాల్ పంపు, విజిలు, ఇష్యూ రిజిస్టరు, అన్నీ ఆయన ఆధీనమే. పుస్తకం తిరిగిస్తుంటే ఇందులో నీతి ఏమిటని ఏనాడూ అడగలేదాయన. "ఏట్రా, ఆకరికంటా సదివీసావా?" అనేవారు. లేదని చెబితే, "మరైతే ఇది ఒగ్గీసి ఇంకోటి అట్టుకెల్లు" అనేవారు. అంతకన్నా మంచి లైబ్రేరియన్ని నేను తర్వాత కూడా చూడలేదు. ఆ పుస్తకాల మొదటి పేజీలో పెన్సిలుతో "దొంగ ఎవరో తెలియాలంటే 73వ పేజీ చూడుము" అని ఉండేది. 73కి వెళ్తే "112 చూడుము". 112లో "వెధవా, ముందు కథ చదువు". రాసినవాడు ఈ సంచిక చదువుతూనే ఉంటాడు. దస్తూరీ నాకు తెలుసు.

ఇబ్బంది ఎక్కడంటే, ఏడో తరగతి దాకా చందమామ. ఆ తర్వాత ఏకంగా అక్కల దగ్గర కొట్టేసిన వారపత్రికల సీరియళ్లు. రెంటికీ మధ్య పదమూడు నుంచి పదిహేడేళ్ల వాళ్లకి తెలుగులో పుస్తకాల అరంటూ లేదు. ఇప్పటికీ ఉన్నదేం ఎక్కువ కాదు. ఆ వయసు వాళ్లకి నవల ఎంచడానికి నాకో లెక్క ఉంది. అందులో ఆ ఈడు మనిషి ఒకరుండాలి. పెద్దవాళ్లకి చెప్పకుండా ఏదో ఒకటి తేల్చుకోవాలి. దాని బరువు తనే మోయాలి. చివర్లో ఎవరూ వీపు తట్టకూడదు.

ఈ లెక్కన మొట్టమొదట నిలిచేది హకల్‌బెరీ ఫిన్. నండూరి రామమోహనరావు గారి పుణ్యమా అని మార్క్ ట్వేన్ మనకి తెలుగులోనే దొరికాడు. ముందు టాం సాయర్ చదివించండి, సరదాగా ఉంటుంది. కానీ అసలు సరుకు హకల్‌బెరీ ఫిన్‌లోనే ఉంది. పారిపోయిన బానిస జిమ్ ఎక్కడున్నాడో వాడి యజమానురాలికి తెలియజేస్తూ హక్ ఉత్తరం రాస్తాడు. పాపం కడిగేసుకున్నట్టు హాయిగా ఉంటుంది వాడికి. అలా కూర్చుని, నదిలో తెప్ప మీద గడిపిన రాత్రులు తలుచుకుంటాడు. తన వంతు కాపలా అయ్యాక కూడా జిమ్ వీణ్ణి లేపకుండా వీడి వంతు తానే కాసేవాడు. ఉత్తరం చించేస్తాడు. చేస్తున్నది మంచిపని అనుకుని కాదు. నరకానికే పోతానని నిజంగా నమ్మి మరీ చించేస్తాడు. పద్నాలుగేళ్లవాడికి ఇంతకు మించి ఏ వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఏం చెప్తుంది? ఒక్క మాట. ఇంగ్లీషు మూలంలో నల్లవాళ్లని తిట్టే ఒక మాట రెండొందల సార్లకి పైగా వస్తుంది. 1880ల నాటి పుస్తకం. పిల్లల చేతికిచ్చే ముందు ఆ మాట సంగతి టీచరు వాళ్లతో మాట్లాడాలి. దాచిపెట్టి లాభం లేదు.

రెండోది తొలి ఉపాధ్యాయుడు. చింగిజ్ ఐత్‌మాతొవ్ 1962లో రాసిన చిన్న నవల. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యానులో కారుచవగ్గా దొరికే సోవియట్ పుస్తకాలు గుర్తున్నాయా, ఆ తరహాది. కిర్గిజ్ పల్లెలో ద్యూషేన్ అనే కుర్రాడు పాడుబడ్డ గుర్రాలశాలను బడి చేస్తాడు. తనకే కూడబలుక్కుని చదవడం తప్ప రాదు. చలికాలంలో మంచులా చల్లటి వాగు దగ్గర పిల్లల్ని వీపున ఎక్కించుకుని, చంకనెత్తుకుని దాటిస్తాడు. అల్తినాయ్ అనే అనాథ పిల్లని పిన్ని డబ్బుకి కట్టబెట్టేస్తే, దెబ్బలు తిని మరీ విడిపించి పట్నానికి చదువుకి పంపుతాడు. ఆ పిల్ల పెద్ద విద్వాంసురాలవుతుంది. ఏళ్లు గడిచాక ఊళ్లో కొత్త బడి తెరిచే రోజున ఆమె ముఖ్య అతిథి. విందు జరుగుతుండగా పూర్వ విద్యార్థుల నుంచి అభినందన టెలిగ్రాములు వస్తాయి. అవి మోసుకొచ్చిన ముసలి పోస్ట్‌మాన్ ద్యూషేనే. ఇంకా ఉత్తరాలు పంచాలని లోపలికి రాకుండా వెళ్లిపోతాడు. లోపలేమో, అక్షరాలు సరిగా రానివాడు పాఠాలెలా చెప్పాడో అని జనం నవ్వుకుంటుంటారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకి బ్యానర్లు వేయించేవాళ్లంతా ఈ పుస్తకం ఒకసారి చదవాలని నా ఉద్దేశం. శాలువాలు ఆర్డరిచ్చే ముందే చదివితే ఇంకా మంచిది.

మద్దిపట్ల సూరి గారి తెలుగులో పథేర్ పాంచాలీ కూడా పెట్టాలి. 1929 నాటి బిభూతిభూషణ్ బెంగాలీ నవల. హౌరా–చెన్నై లైను మీద పుట్టి, రాయపూర్ బండి కూత వింటూ నిద్రపోయిన మనకి రైలు వింతేం కాదు. దుర్గకి మాత్రం అది తీరని కోరిక. జ్వరంలో పడుకుని, తగ్గాక రైలు చూపిస్తావా అని తమ్ముడు అపూని అడుగుతుంది. ఆ పిల్ల పోయాక, ఊరు వదిలి వెళ్లే రోజున సామాన్లు సర్దుతుంటే అపూకి బంగారు కుంకుమ భరిణె దొరుకుతుంది. దాన్ని కొట్టేసిందని అక్క మీద వేసిన నింద నిజమేనన్నమాట. వాడు ఎవరికీ చెప్పకుండా దాన్ని వెదురుపొదల్లోకి విసిరేస్తాడు. (సినిమాలో అది హారం, విసిరేది చెరువులోకి.) అబద్ధమాడకుండానే అక్క పరువు కాపాడాడు, చూడండి.

ఏడుపే కాకుండా నవ్వు కూడా కావాలంటే బారిష్టర్ పార్వతీశం. ఇంట్లో చెప్పకుండా సీమకి బయల్దేరిన మొగల్తూరు కుర్రాడు, మద్రాసులో తెలియక ఆడవాళ్ల టోపీ కొనేస్తాడు. మొదటి భాగం చాలు, మిగతావి వాళ్లే వెతుక్కుంటారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి రస్కిన్ బాండ్ రూమ్ ఆన్ ది రూఫ్. పదిహేడేళ్లప్పుడు మొదలుపెట్టి రాసిన నవల, 1956లో అచ్చయింది. అందులో చాట్ దుకాణం చదివి ఆకలి వేయకపోతే నన్నడగండి. ఎస్.ఈ. హింటన్ ఔట్‌సైడర్స్ 1967లో వచ్చేనాటికి ఆవిడకి పద్దెనిమిదేళ్లు. ఆడపిల్ల రాసిందని తెలిస్తే తేలిగ్గా తీసిపారేస్తారని పొడి అక్షరాలతో వేశారు. రెండు ముఠాల కుర్రాళ్ల కొట్లాటలు. చదవనని మొరాయించే మగపిల్లలు దీన్ని విడిచిపెట్టరు. టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్ గొప్పదే, కానీ అందులో పిల్లకన్నా తండ్రి ఎక్కువ మెరుస్తాడు. పెద్దవాళ్లు దాన్ని తెగ కొనిచ్చేది అందుకేనేమో. హారీ పాటర్‌కి మన చందా అక్కర్లేదు, ఎలాగూ చదివేస్తారు.

నవల కాదుగానీ మన ఊరి చాసో కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ లేకుండా ఈ బీరువా మూయడానికి నేనొప్పుకోను. చదువు ఆగిపోయిన కుర్రాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మంటాడు. బడి ముందునుంచే వెళ్లాలి. బడిలో ఫీజులు కట్టలేక తలవంచుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు.

ఇక ఏర్పాట్లు. ప్రతిదీ రెండేసి కాపీలు కొనాలి. గట్టి అట్టలు వేయించాలి. తాళం మాత్రం పిల్లల్లోనే ఒకరి దగ్గర ఉండాలి. వేసవి సెలవుల ముందురోజుకి బీరువా ఖాళీ అయిపోవాలి. జూన్‌లో సగం తిరిగొస్తే చాలు. మిగతా సగం గురించి ఎవరినీ నిలదీయొద్దని హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడతాను. చందా ఇంకా పంపనివాళ్ల పేర్లు గ్రూపులో పిన్ చేసి ఉన్నాయి, చూసుకోండి.