విశ్వాసం మాత్రలు మానమనలేదు

నా టీబీ మందుల కోర్సు పూర్తయింది. ఆఖరి గళ్ల (కఫం) పరీక్షలో క్రిమి లేదని తేలింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో సాక్ష్యం చెప్పమని మా పాస్టరు అయ్యగారు అడిగారు. అక్కడ ఇచ్చే ఐదు నిమిషాల్లో స్తుతి చెల్లించగలను గానీ, దగ్గుతో ఉన్నవాళ్లకు, మందులు మింగుతున్నవాళ్లకు పనికొచ్చే సంగతులు పట్టవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. దీంట్లో కృతజ్ఞత ఉంది, ఇంకా చల్లారని కోపమూ ఉంది.

ముందు మా మావయ్య గురించి చెప్పాలి. షుగరు మనిషి. చలికాలంలో మొదలైన దగ్గు తగ్గలేదు. చూపించిన క్లినిక్‌లో ఆయాసం అన్నారు, పీల్చే మందు రాశారు, దగ్గు సిరప్ రాశారు, యాంటీబయాటిక్ మార్చి మార్చి ఇచ్చారు. బట్టలు వదులవుతున్నాయి, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది అని అత్తయ్య చెబుతూనే ఉంది. గళ్ల పరీక్ష మాత్రం ఎవరూ రాయలేదు. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల కాలంలో, మట్టల ఆదివారానికి ముందే ఆయన ప్రభువు పిలుపు అందుకున్నారు. ఆయనకున్నది టీబీయేనని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు, నేనూ అనను. కానీ రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల పరీక్ష చేయించాలని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీద రాసి ఉంటుంది. షుగరు ఉన్నవాళ్లకు టీబీ ముప్పు మిగతావాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. పరీక్ష ఉచితం. ఒక్క కాగితం రాసి పంపితే పోయేదేముంది? క్వినలోన్ జాతి యాంటీబయాటిక్‌లు టీబీ క్రిమిని కొన్నాళ్లు అణచిపెడతాయి. మనిషికి కాస్త నెమ్మదించినట్టుంటుంది, రోగం బయటపడడం ఆలస్యమవుతుంది. ఫీజు పుచ్చుకుని చీటీ రాసేవాళ్లకు ఈ సంగతి తెలిసుండాలి.

ఆయన ఆదరణ కూడిక అయ్యాక నాకు దగ్గు పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పాడైందన్నారు అందరూ. మా ఆశా కార్యకర్త ఒప్పుకోలేదు, రెండు డబ్బీలు చేతిలో పెట్టింది. గళ్ల ఇవ్వడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు మంచినీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట నిలబడి రెండు మూడుసార్లు ఊపిరి నిండా పీల్చి, కాసేపు బిగబట్టి, రొమ్ము లోపలి నుంచి దగ్గాలి. నోట్లో ఊరే ఉమ్మి పనికిరాదు, చిక్కగా వచ్చేదే కావాలి. ఒక నమూనా అప్పటికప్పుడు, రెండోది మర్నాడు పొద్దున నిద్ర లేవగానే. ఉమ్మి పంపితే పరీక్షలో ఏమీ లేదని రావచ్చు, రోగం లోపలే ఉండిపోవచ్చు. ట్రూనాట్ యంత్రం మీద క్రిమి ఉన్నదీ, దానికి రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పనిచేస్తుందా లేదా అన్నదీ కొద్ది గంటల్లోనే తెలుస్తుంది. నాకు క్రిమి ఉంది, మందు పనిచేస్తుంది అని వచ్చింది.

మాత్రలు బరువును బట్టి ఇస్తారు. 35 నుంచి 49 కిలోల వాళ్లకు రోజుకు మూడు, 50 నుంచి 64 కిలోల వాళ్లకు నాలుగు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులుంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగతా మూడు మందులు. అన్నీ ఒకేసారి, పరగడుపున మింగాలి. మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ రంగు, భయపడక్కర్లేదు. అరికాళ్లు తిమ్మిరెక్కితే ఐసోనియాజిడ్ వల్ల, దానికి బీ6 విటమిన్ ఇస్తారు. కీళ్లు నొప్పెడితే చాలావరకు పైరజినమైడ్ పని. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఇథాంబుటాల్‌ను అనుమానించాలి, ఆ రోజే చెప్పాలి. కుటుంబ నియంత్రణ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో మాట: రిఫాంపిసిన్‌తో అవి సరిగా పనిచేయవు, వేరే పద్ధతి అడగండి.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. ఎవరికీ రోగం లేదని తేలాక, రాకుండా ఉండేందుకు మా అబ్బాయికి, అత్తయ్యకు మందు మొదలుపెట్టారు. ఏమీ లేనివాళ్లకు మాత్రలెందుకని బంధువులు గొడవపడ్డారు. ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న క్రిమి లేవకుండా చేసే మందు అది. ఆ బంధువులే నా కంచం, గ్లాసు వేరుగా పెట్టించారు. టీబీ కంచం వల్ల రాదు. గాలి వల్ల వస్తుంది, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు. చేయాల్సింది గిన్నెలు విడదీయడం కాదు, ఎదురెదురు కిటికీలు తెరవడం, మాస్కు పెట్టుకోవడం, మూత ఉన్న డబ్బాలోనే ఉమ్మడం. మందు పనిచేసే రోగమైతే, రోజూ సరిగా మింగితే, సుమారు రెండు వారాలకే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అందాకా నేను గుడికి వెళ్లలేదు, ప్రభురాత్రి భోజన సంస్కారం పుచ్చుకోలేదు. ఆ తర్వాత కూడా కూడికలో నా పక్క కుర్చీలు ఖాళీగా ఉండేవి. అయ్యగారి భార్య, మా అమ్మగారు ఒక్కరే వచ్చి పక్కన కూర్చునేవారు, పాటల పుస్తకం ఇద్దరి మధ్య పెట్టి.

ఇక ఆ రాత్రి.

మందులు మొదలెట్టిన రెండో నెలలో తిండి సహించడం మానేసింది. అన్నం వాసనకే కడుపులో తిప్పేది. కుడి డొక్క బరువుగా ఉండేది. దగ్గర్లోని క్లినిక్‌లో చూపిస్తే నా ముఖం కూడా చూడకుండా, "టీబీ మందులంటే ఇలాగే ఉంటుంది, ఓర్చుకోవాలి. ఒక్క రోజు మానావంటే మందులకు లొంగని మొండి టీబీ వస్తుంది" అని గ్యాస్ మాత్రలు రాశారు. ఆ సాయంత్రమే సంఘ పెద్ద ఒకాయన ఫోన్ చేశారు. "చెల్లెమ్మా, ఆ మాత్రలే నీకు విగ్రహమై కూర్చున్నాయి. వాటిని వదిలేసి ఉపవాసం పట్టు, ప్రభువు ముట్టుతాడు" అన్నారు. ఒకరు మానితే చస్తావంటారు, ఇంకొకరు మింగితే విశ్వాసం లేదంటారు. మా ఆయన లారీ మీద నాగపూర్ దారిలో ఉన్నారు. వాంతులు ఆగడం లేదు. బాత్రూంలో మా అబ్బాయి ఫోన్ లైటు వేసి చూసి, "అమ్మా, నీ కళ్లు పచ్చగా ఉన్నాయి" అన్నాడు.

రిఫాంపిసిన్ వేసుకునేవాళ్లు కామెర్లను కనిపెట్టడం కష్టం, మూత్రం ఎలాగూ రంగుగానే వస్తుంది కాబట్టి. తేడా ఇది: మందు రంగు మాత్ర మింగిన కొన్ని గంటలపాటు ముదురుగా ఉండి సాయంత్రానికి పల్చబడుతుంది. కామెర్లదైతే పొద్దస్తమానం టీ డికాషన్ రంగే. కంటి తెల్లగుడ్డు రంగును పగటి వెలుతురులో చూడాలి, పసుపు బల్బు కింద తెలియదు. ఇవి ఎవరూ ముందుగా చెప్పలేదు. మందుల డబ్బాతో పాటు ఈ రెండు మాటలూ ప్రతి రోగికీ చెప్పి పంపాలి.

అత్తయ్య మందుల కార్డు వెనక ఉన్న నంబరు చూపించింది, మా మండలం టీబీ సూపర్‌వైజరుది. అర్ధరాత్రి దాటింది. ఆ అమ్మాయి ఎత్తింది. కళ్లు, మూత్రం, దురద, డొక్క నొప్పి, ఎన్నాళ్లుగా తినలేదు, అన్నీ వరసగా అడిగింది. "అక్కా, పొద్దున మాత్రలు వేసుకోవద్దు. ఒక్కటి కూడా వద్దు. లివర్ పరీక్ష చూశాకే మళ్లీ. ఇలాంటప్పుడు ఆపడం తప్పు కాదు, ఆపకపోతేనే ప్రమాదం" అంది. మాట తడబడినా, మగతగా ఉన్నా, ఎక్కడైనా రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయమని మా అబ్బాయికి చెప్పింది. లివర్ బాగా దెబ్బతింటే మెదడు మందగిస్తుందట, అందుకే మధ్యమధ్య లేపి ప్రశ్నలు అడగమంది.

రాత్రంతా వాడు అడిగాడు. అమ్మా, ఇవాళ ఏ వారం? నా పుట్టినరోజు ఎప్పుడు? వందలోంచి ఏడు తీస్తే ఎంత? అత్తయ్య మంచం అంచున కూర్చుని 91వ కీర్తన చదువుతోంది, మధ్యలో గొంతు పట్టేసి ఆగుతోంది. మావయ్యను పోగొట్టుకుని మూడు నెలలైనా కాలేదు ఆ మనిషికి. నాకు 91 నోట రాలేదు. 13వ కీర్తన వచ్చింది, ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు ప్రభువా అని దావీదు అడిగేది. బైబిల్లో అది కూడా ప్రార్థనేనని ఆ రాత్రి గట్టిగా పట్టుకున్నాను.

పొద్దున ప్రభుత్వాసుపత్రిలో రక్తం తీశారు. లివర్ దెబ్బను చూపే ఎస్‌జీపీటీ 40 లోపు ఉండాలి, నాకు 400 దాటింది. కళ్లు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ కూడా పెరిగింది. లక్షణాలు ఉన్నప్పుడు ఎస్‌జీపీటీ పై హద్దుకు మూడు రెట్లు దాటినా, ఏ లక్షణమూ లేకపోయినా ఐదు రెట్లు దాటినా మందులు ఆపాలని అక్కడి డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించారు. నన్ను మనిషిగా కూర్చోబెట్టి లెక్క చెప్పిన మొదటి డాక్టరు ఆవిడే. ప్రభువు ఆవిడను దీవించును గాక. లివర్ కోలుకునేదాకా దానికి హాని తక్కువ చేసే మందులతో నడిపారు. తర్వాత ఒక్కొక్కటే మొదలుపెట్టారు: ముందు రిఫాంపిసిన్, కొన్ని రోజులాగి రక్త పరీక్ష, సరిగా ఉంటే ఐసోనియాజిడ్, మళ్లీ పరీక్ష. లివర్‌ను బాధపెట్టే మందుల్లో పైరజినమైడ్‌ది పెద్ద చెయ్యి, దాన్ని నాకు మళ్లీ ఇవ్వలేదు. అది లేకపోతే ఆరు నెలల కోర్సు తొమ్మిది నెలలవుతుంది. ఆ మూడు నెలలు ఎక్కువ మింగడం నాకేమీ బరువనిపించలేదు.

ఆ మధ్యలో పసరు తెచ్చినవాళ్లున్నారు. కామెర్లకు చేతి మీద వాత పెట్టే మనిషి దగ్గరికి పదమన్నవాళ్లున్నారు. ఆకు పసరులో ఏముందో ఎవరికీ తెలియదు, దెబ్బతిన్న లివర్ మీద ఇంకో భారం అది. వాతకు పుండు తప్ప ఏమీ రాదు. అత్తయ్య వాళ్లను గుమ్మంలోంచే పంపేసింది. ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే మీరూ పంపేయండి.

సంఘ పెద్ద మాటకు నా జవాబు యెషయా 38లో ఉంది. యూదా రాజు హిజ్కియా మరణకరమైన రోగంతో ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఆయుష్షు 15 ఏళ్లు పొడిగించాడు. అదే అధ్యాయం చివర ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. వాగ్దానం వచ్చాక కూడా కట్టు కట్టమన్నాడు. అంజూరపు ముద్ద విగ్రహం కాలేదు, నా మాత్రలెందుకు అవుతాయి? యాకోబు పత్రిక పెద్దలను పిలిపించి నూనె రాయించుకోమంది, నేను రాయించుకున్నాను. మందు మానమని అందులో ఎక్కడా లేదు. మన పెద్దలకు ఇంకొకటి గుర్తుచేయాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రిని వందేళ్ల కిందట కట్టించింది మిషనరీ సంఘాలే. గుంటూరులో మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ పెట్టిన ఆసుపత్రి సంగతి మన తాతలకు తెలుసు. ప్రార్థన తెలిసినవాళ్లే ఆ గోడలు లేపారు. ఆ పెద్దాయన మీద కోపం తగ్గించమని అడుగుతూనే ఉన్నాను, ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఇంకెవరి ఇంటికీ అలాంటి ఫోను చేయవద్దని మాత్రం అయ్యగారి ముందే ఆయనతో చెప్పాను.

ఉపవాసాల సంగతి కూడా చెప్పాలి. టీబీ మనిషి ఎండిపోతూ ఉంటుంది, తిండి కూడా వైద్యంలో భాగమే. నా బదులు మా స్త్రీల సమాజం వాళ్లు శుక్రవారాలు ఉపవాసమున్నారు, నన్ను గుడ్డు, పప్పు, వేరుశనగ ఉండలు, చేపలు తినమన్నారు. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర అనే ప్రభుత్వ పథకం కింద వ్యక్తులే కాదు, సంఘాలు కూడా రోగులకు పోషకాహార బుట్టలు ఇవ్వవచ్చు. మా సమాజం ఇప్పుడు వేరే ఊళ్ల రోగులకు ఇస్తోంది, వాళ్లలో మన విశ్వాసులు కానివాళ్లే ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలైంది. ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా ఉండాలి, వాడకం లేక ఆగిపోయిన ఖాతా ఇస్తే డబ్బు రాదు. నమోదు చేసినప్పుడే పాసుపుస్తకం చూపించి సరిచూసుకోండి. సందేహమొస్తే టీబీ సహాయ నంబరు 1800 11 6666, ఉచితం.

కోర్సు ముగిసినా చూపించుకోవడం ముగియదు. ఆరు నెలలకొకసారి చొప్పున రెండేళ్లదాకా, అంటే 6, 12, 18, 24 నెలలకు వెళ్లాలి. ఈలోగా దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే గడువు దాకా ఆగకూడదు. నా మొదటి తేదీ ఆరు నెలలకు పడింది. ఆ రోజు అత్తయ్యకు కూడా షుగరు, ఎక్స్‌రే చూపించాలి. ప్రార్థనలో తలచుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గుంటే, ఈ ఆదివారం ఆరాధన కాగానే డబ్బీ తెచ్చుకోండి, సోమవారం పొద్దున్నే గళ్ల ఇచ్చి రండి.