వేలి చివరి రక్తపు చుక్క
పరకాల దగ్గరి అంగన్‌వాడీల్లో గర్భిణుల హిమోగ్లోబిన్ కొలిచి నేను రాసిన పరిశోధన పత్రం నిన్న సవరణలకు తిరిగివచ్చింది. రక్తం వేలి నుంచి తీశారా, సిర నుంచి తీశారా, మొదటి చుక్కను తుడిచేశారా అని సమీక్షకులు అడిగిన చోటే ఆగిపోయాను. వేలిని గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి రక్తం పలచబడి, ఉన్నదానికంటే తక్కువ అంకె వస్తుందని నాకు తెలియక కాదు. ఆ రోజు చలికి చేతులు బిగుసుకుపోయిన ఒక అక్క వేలిని నేనే రెండుసార్లు నొక్కాను. మీటరు 10.6 చూపింది. గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే కనుక ఆమెను ఆ లెక్కలోనే రాశాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలినదీ వేలి చుక్కతోనే. సిర రక్తంతో కొలిస్తే ఈ శాతం తగ్గుతుందని వాదించే పోషకాహార శాస్త్రవేత్తలున్నారు. అంతమాత్రాన అంగన్‌వాడీల్లో గర్భిణులకు పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం భోజనంలోని గుడ్డూ పాలూ అనవసరమని కాదు.

ఇంతలో, పేరెన్నడూ వినని ఒక పత్రిక, డబ్బు కడితే మూడు రోజుల్లో ప్రచురిస్తామని ఈమెయిల్ పంపింది (పదోన్నతికి పత్రాల సంఖ్య చూసేచోట ఇలాంటివి బతకడంలో వింతేముంది). దాన్ని తొలగించాను. వేలిని నొక్కిన సంగతి పత్రంలో రాసి, కొందరికి సిర రక్తంతో మళ్లీ పరీక్షించేందుకు ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టుకున్నాను.