నడిమిగోడకు అవతలి చప్పుడు

నాన్నగారికి వినికిడి తగ్గడంతో టీవీ బిగ్గరగా పెట్టుకుంటారు. గోడకు ఇవతలే మా అమ్మాయి ఇంటర్ పరీక్షలకు చదువుకుంటుంది. ఇద్దరిలో ఎవరినీ కష్టపెట్టకూడదని గోడనే బాగుచేయించాము.

మాది కోనసీమలో పాత పెంకుటిల్లు. గదుల మధ్య గోడ దూలం దాకా లేచి ఆగిపోవడంతో, వాసాల కింద రెండు గదులకూ గాలి ఒక్కటే. అలాంటప్పుడు గోడ ఎంత మందంగా ఉన్నా మాట పైనుంచి దిగి వస్తుంది. ఇరువైపులా సిమెంటు పూసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సుమారు 40 డెసిబెళ్లు (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) ఆపగలదు. దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉన్నా ఆ లెక్క దాదాపు 20కి పడిపోతుంది. అందుకే తాపీ మేస్త్రి చేత ముందుగా గోడను పెంకుల అడుగు వరకు లేపించి, వాసాల చుట్టూ ఉన్న సందులు పూడ్పించాము. ఎదురెదురుగా ఉన్న స్విచ్‌బోర్డు పెట్టెల్లో ఒకదానిని విప్పి టార్చి వేస్తే అవతలి గదిలో వెలుతురు గీత పడింది. దానిని పక్కకు జరిపించి ఆ కన్నం మూయించాము. పూర్వం గడప ఉండడం వల్ల తలుపు కింద సందు ఉండేది కాదు; ఇప్పుడు లోపలి గదులకు గడపలు పెట్టడమే మానేశారు.

స్పాంజి, కోడిగుడ్ల అట్టలు గదిలోని మారుమోతను కొంత తగ్గిస్తాయేమో గాని అవతలికి పోయే శబ్దాన్ని ఆపవు. థర్మాకోల్ ఆ మారుమోతనూ తగ్గించదు. గోడ బరువును రెట్టింపు చేసినా అయిదారు డెసిబెళ్లే కలిసివస్తాయి. అంతకంటె, గోడకు తగలకుండా అంగుళం ఎడంగా ఇనుప ఫ్రేము నిలబెట్టి, లోపల 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూదిలాంటి నార) నింపి, పైన జిప్సం బోర్డు రెండు పొరలు బిగించడం ఎంతో మేలు.

అయితే మన డెల్టాలో కాలువలు పారినంతకాలం గోడల అడుగున చెమ్మ ఉంటుంది, మామూలు జిప్సం ఆ తడిని పీల్చుకుని పాడవుతుంది. కాబట్టి చెమ్మకు తట్టుకునే ఆకుపచ్చ రకం బోర్డు తీసుకుని, నేలకు అర అంగుళం ఎత్తున బిగించి, ఆ సందును సాగే గుణమున్న సీలెంటుతో మూయాలి. వేసవిలో కాలువలు కట్టేశాక గోడ ఆరుతుంది గనుక ఈ పనికి అదే అదను.

ఇప్పుడు మాటలు వినబడడం లేదు. పాటల్లోని డప్పు దరువు మాత్రం కొద్దిగా వస్తోంది, బరువైన మోతను ఆపడం అన్నిటికంటె కష్టం. అందుకని టీవీని ఆ గోడ మీది నుంచి తీయించి, రబ్బరు ముక్కలపై నిలిపిన బల్ల మీదికి మార్పించాము.