ఏడేళ్లు పస్తు, తర్వాత డెబ్బై ఏడు నిమిషాల భోజనం

లెక్క చూడండి. అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా మొదటి ఆల్బమ్ 1983లో, అయిదోది 1991లో. ఎనిమిదేళ్లలో అయిదు, అదీ 1986లో స్వీడన్‌లో బస్సు బోల్తా పడి బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాక కూడా. ఈ శతాబ్దంలోకి వచ్చాక? 2003, 2008, 2016, 2023. నాలుగంటే నాలుగు. (2011లో రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి చేసినదాన్ని నేను లెక్కలోకి తీసుకోను, ఎవరేమనుకున్నా సరే.)

2003లో నేను ఇంటర్. వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక నెట్ సెంటర్లో ముప్ఫై రూపాయలిచ్చి వాళ్ల ఆ ఏటి ఆల్బమ్ సెయింట్ యాంగర్ సీడీ కొట్టించుకొచ్చి ఇంట్లో పెడితే, స్నేర్ డ్రమ్ము స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టు టంగుటంగుమంటోంది. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో సి షిఫ్టు, అంటే నైట్ డ్యూటీ, దిగొచ్చి అప్పుడే పడుకున్నారు. లేచొచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఏట్రా ఇది, మా వైర్ రాడ్ మిల్లులోనూ ఇదే సౌండు, కాకపోతే మాకు జీతమిస్తారు" అని వెళ్లి మళ్లీ పడుకున్నారు. ఆరేళ్లు తీసుకుని చేసింది ఇదా అని నాకూ అనిపించింది గానీ, నాన్న ముందు ఒప్పుకుంటానా!

2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లను చూడ్డానికి మేం ముగ్గురం ఇక్కణ్నుంచి ఎక్కిన బండి పేరు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. నిజంగానే. రెండ్రోజుల ముందు గుర్‌గావ్ షో రద్దయిందని తెలిసి దారంతా టెన్షనే, ప్రశాంతి బండి పేరులోనే మిగిలింది.

ఆ తర్వాత హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబర్ 12 తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లో పదకొండు శాతం ఛార్జింగ్. చుట్టాలకు ఫోన్ చేసుకోకుండా చీకట్లో ఒక పాట వినేశానని అమ్మ పెట్టిన చీవాట్లు ఇంకా గుర్తున్నాయి. తర్వాత తెలిసింది, అదే ఏడాది మెటాలికా గిటారిస్టు కిర్క్ హామెట్ ఫోన్ పోగొట్టుకున్నాడట, అందులో రెండొందల యాభై దాకా రిఫ్‌లు, అంటే పాటలు కట్టుకునే చిన్న గిటార్ ముక్కలు, ఉన్నాయి, బ్యాకప్ లేదు. 2016లో హార్డ్‌వైర్డ్ ఆల్బమ్ వచ్చినప్పుడు పాటలు రాసినవాళ్లలో అతని పేరే లేదు. మా అమ్మలాంటి వాళ్లెవరైనా అతన్ని ముందే తిట్టి ఉండాల్సింది.

ఆల్బమ్‌లు ఇంత ఆలస్యమెందుకంటే అందరూ అనేది ముసలాళ్లయిపోయారు, సరుకైపోయింది అని. నాకైతే రివర్స్‌లో అనిపిస్తుంది. సరుకు ఎక్కువైపోయి అవస్థ పడుతున్నారు. అందరూ కూర్చుని తోచినట్టు వాయించిన (జామ్ అంటారు) ప్రతి ముక్కా రికార్డు చేసి పెట్టుకుంటారు, తర్వాత కూర్చుని అదంతా ఏరుకోవాలి, మధ్యలో టూర్లు, పైగా ఏరిందాంట్లో ఒక్కటీ పారెయ్యబుద్ధి కాదు. అందుకే హార్డ్‌వైర్డ్ డెబ్బై ఏడు నిమిషాలు, 2023లో వచ్చిన 72 సీజన్స్ కూడా డెబ్బై ఏడే. 1986లో ఇంకో మెటల్ బ్యాండ్ స్లేయర్ వాళ్లు ఇరవై తొమ్మిది నిమిషాల్లో మొత్తం ఆల్బమ్ ముగించి పేరు తెచ్చుకున్నారు. ఏడేళ్లు పస్తు పెట్టి ఒకేసారి నలభై రకాలు వడ్డిస్తే ఏది తిన్నామో గుర్తుంటుందా? మూడేళ్లకోసారి పప్పూ ఆవకాయా పెట్టండి బాబూ, నలభై నిమిషాలు చాలు.

72 సీజన్స్ వచ్చింది 2023 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి సెలవు. పొద్దున్న అయిదున్నరకల్లా ఆర్కే బీచ్ గట్టెక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా. మొదటి మూడు పాటలకి ఒళ్లు పులకరించింది. ఆరో పాటకి ఎండ మొహాన కొడుతోంది, తొమ్మిదోదానికి వాకింగ్ వాళ్లంతా వెళ్లిపోయారు, గట్టు కాలడం మొదలైంది, ఆకలి. పన్నెండోది, ఆఖరిది, పదకొండు నిమిషాలు అని చూసి ఆపేసి ఇడ్లీకి పోయా.

వారం తర్వాత ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆ పన్నెండోది దానంతటదే వచ్చింది. గాజువాక చేరేలోపు రెండుసార్లు విన్నా. ఆల్బమ్ మొత్తంలో బాగున్నది అదే, దాన్నే ఇడ్లీ కోసం వదిలేశా.

ఇదే లెక్కన తర్వాతది 2030లో. ఈసారి మాత్రం ఆఖరి పాట నుంచి మొదలుపెడతా.