అందరూ అంటే ఎవరు?

డిగ్రీ విద్యార్థులకు ఆంగ్ల వ్యాసరచన నేర్పేటప్పుడు, రాతప్రతి నా దగ్గరికి రాకముందే పక్కవారి చేతిలోకి వెళ్లాలన్నది నా నియమం. మొదట్లో అంచుల్లో ‘బాగుంది’ తప్ప మరేమీ కనిపించదు. స్నేహితుణ్ణి నొప్పించడం ఎవరికిష్టం? అందుకే అక్షరదోషాల జోలికి పోకుండా, ఆధారం లేని వాక్యం కింద గీత గీసి ఒక ప్రశ్న రాయమంటాను. ‘సెల్‌ఫోన్లు యువతను పాడుచేస్తున్నాయని అందరికీ తెలుసు’ అన్న చోట ఒకమ్మాయి ‘అందరూ అంటే ఎవరు?’ అని రాస్తే, మలిప్రతిలో ఆ వాక్యం ఒక సర్వేను ఉటంకిస్తూ, కాస్త ఆచితూచి తిరిగొచ్చింది. అమెరికాలో ఆంగ్లం నేర్చుకుంటున్నవారిపై లండ్‌స్ట్రమ్, బేకర్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాఖ్యలు అందుకున్నవారికంటే వ్యాఖ్యానించడం సాధన చేసినవారి రచనే ఎక్కువ మెరుగుపడింది. అందులోనూ తక్కువ స్థాయి తరగతివారికే లాభం ఎక్కువ. అందుకే తెలుగు మాధ్యమం నుంచి వచ్చి వెనుక బెంచీల్లో ఒదిగి కూర్చునే పిల్లల చేతికే ముందుగా పెన్సిల్ ఇస్తాను.