చిన్నోడి మోచెయ్యి

మే నెలలో ఒక సాయంత్రం, మా బత్తాయి తోటలో బోరు దగ్గరున్న నీళ్ల తొట్టి గోడ మీది నుంచి మా చిన్నోడు పడ్డాడు. వాడికి అప్పుడు ఐదేళ్లు. నేను పది అడుగుల దూరంలోనే డ్రిప్పు పైపులు చుట్టచుడుతున్నాను. ఏడుపు విని పరుగెత్తేసరికి ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మోచెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. పడేటప్పుడు చెయ్యి చాపి నేలకు ఆనించాడట.

మాది కట్టంగూరు దగ్గర చిన్న ఊరు. ఇంటికి తెచ్చేసరికి వాకిట్లో పది మంది చేరారు. బొక్క ఇరగలేదు, బెణికిందంతే అని ఒకరు. పక్క ఊళ్లో పసరు కట్టు కట్టే ఆయన ఉన్నాడు, గుడ్డు సొన రాసి వెదురు బద్దలు వేసి కడతాడు అని ఇంకొకరు. మా మామయ్య కాలు ఎప్పుడో అట్లాగే అతుక్కుంది కాబట్టి ఆ మాట కాదనడానికి నాకు నోరు రాలేదు. ఆ సమయానికి ఊళ్లో సర్కారు నర్సుగా పనిచేసే ఏఎన్‌ఎం అక్క రావడం మా అదృష్టం.

"చెల్లే, మోచేతి కాడ గట్టిగ కట్టు కట్టనియ్యకు. వేళ్లకు రక్తం పోయే నాళం ఆడికెళ్లే పోతది. సీదా నల్లగొండ పోండి" అన్నది. చెయ్యిని లాగి సరిచేయాలని చూడలేదు. ఎట్లా వంగి ఉందో అట్లాగే ఉంచి, కింద అట్టముక్క పెట్టి, నా చున్నీతో మెడకు వేలాడదీసింది.

కారు వచ్చేలోపు అత్తమ్మ గ్లాసెడు పాలు, నాలుగు బిస్కెట్లు తెచ్చింది. ఏడ్చి ఏడ్చి పిల్లాడు సొమ్మసిల్లుతాడని ఆమె భయం. ఆ పాలు నేనే బతిమాలి తాగించాను. అప్పుడు టైము ఆరున్నర.

నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు ఎక్కాక చెరువుగట్టు గుట్ట కనిపించింది. కారులోంచే జడల రామలింగేశ్వరునికి మొక్కుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా వాడు అరుస్తుంటే మా ఆయన డ్రైవర్ భుజం మీద చెయ్యి వేసి "మెల్లగ అన్నా, మెల్లగ" అంటూనే ఉన్నాడు.

దవాఖానలో ఎట్లా పడ్డాడు, ఎంత ఎత్తు నుంచి, పక్కన ఎవరున్నారు అని ముగ్గురు వేర్వేరుగా అడిగి రాసుకున్నారు. మూడోసారి చెప్పేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. తప్పు నాదేనని పోలీసుల ముందు ఒప్పుకుంటున్నట్టు అనిపించింది. తర్వాత నర్సమ్మ చెప్పింది, చిన్న పిల్లలకు దెబ్బ తగిలితే అందరినీ ఇట్లాగే అడుగుతారట. ఇంట్లో ఎవరైనా కొట్టిన దెబ్బ కాదని వాళ్లు తేల్చుకోవాలి. ఆలోచిస్తే అది న్యాయమే. కానీ ఆ పూట తల్లికి అది గుచ్చుకుంటుంది.

ఎక్స్‌రే చూసి డాక్టర్ గారు సుప్రాకాండిలార్ ఫ్రాక్చర్ అన్నారు. మోచేతికి కొంచెం పైన, బొక్క పలచగా ఉండే చోట విరిగి వెనక్కి జరిగింది. ఈ వయసు పిల్లలు చెయ్యి చాపి పడితే ఎక్కువగా విరిగేది అక్కడేనట. ఆయన బొక్క కంటే వేళ్లనే ఎక్కువసేపు చూశారు. మణికట్టు దగ్గర నాడి పట్టుకున్నారు. గోరు నొక్కి వదిలి, ఎరుపు ఎంత తొందరగా తిరిగొస్తుందో చూశారు. బొటనవేలు పైకెత్తమన్నారు, వేళ్లు విప్పమన్నారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చేయమన్నారు. వాడు వెక్కుతూనే సున్నా చేసి చూపించాడు. అది గుండ్రంగా వచ్చిందంటే ఒక ముఖ్యమైన నరం బాగుందని గుర్తు.

"లాస్ట్ ఎప్పుడు తిన్నడమ్మా?" అని అడిగారు. ఆరున్నరకు పాలు, బిస్కెట్లు అన్నాను. ఆయన గడియారం వైపు చూశారు. మత్తు ఇవ్వాలంటే తిండికీ పాలకూ 6 గంటలు, ఉత్త నీళ్లకు 2 గంటలు ఆగాలి. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దెబ్బ తగిలిన పిల్లలకు కడుపు ఇంకా నిదానంగా ఖాళీ అవుతుంది. "నాడి బాగుంది కాబట్టి పొద్దున్నే చేద్దాం. నాడి అందకపోతే ఆగేవాళ్లం కాదు" అన్నారు. ఆకలి తీర్చాలని పెట్టిన పాలు పిల్లాడికి ఒక రాత్రంతా నొప్పి పెంచాయి. ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

సెలైన్ సూది పెట్టేటప్పుడు నేను "ఏం గాదు బిడ్డా, నొప్పే ఉండదు" అన్నాను. సూది దిగింది. వాడు అరవలేదు, నా మొహం చూశాడు. "అబద్ధం చెప్పినవ్ అమ్మా" అన్నాడు. ఆ తర్వాత సిమెంటు పట్టీ వేసేటప్పుడు నేను ఏం చెప్పినా వినలేదు. తండ్రి మెడ పట్టుకుని వదల్లేదు.

రాత్రి గంటకోసారి వేళ్లు చూడమన్నారు. చల్లబడినా, తెల్లబడినా, వేళ్లు కొద్దిగా చాపితేనే ఓర్చుకోలేని నొప్పి వచ్చినా వెంటనే లేపమన్నారు. ఫోన్ లైటు వేసుకుని చూస్తూ కూర్చున్నాను. రెండు గంటలప్పుడు వాడే లేచి "రేపు ఏం జేస్తరు?" అని అడిగాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిద్రపోయే మందు ఇస్తారు. నువ్వు నిద్రలో ఉండగా బొక్కను జరిపి సన్న తీగలు పెడతారు. లేచాక నొస్తుంది, మందు ఇస్తారు. లోపలికి నన్ను రానియ్యరు, బయట తలుపు దగ్గరే ఉంటాను. వాడు కాసేపు ఆలోచించి "తలుపు కాడనే ఉండాలె" అన్నాడు. ఉన్నాను. నీళ్లు తాగడానికి కూడా పోలేదు.

మా ఆయన రేషన్ కార్డు పట్టుకుని దవాఖానలో ఆరోగ్యశ్రీ కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర పని చూసుకున్నాడు. ఆపరేషన్‌లో కోత పెట్టలేదు. తెర మీద ఎక్స్‌రే చూస్తూ బొక్కను సరిగా కూర్చోబెట్టి, చర్మం మీది నుంచే రెండు తీగలు దింపారు. బయటికి తెచ్చాక వాడు అడగకుండానే సున్నా చేసి చూపించాడు.

నాలుగో వారం తీగలు తీయించడానికి వెళ్లాం. మళ్లీ మత్తు అవసరం లేదన్నారు. "నొస్తదా?" అని అడిగాడు. "నొస్తది. పది లెక్కపెట్టేలోపు అయిపోతది" అన్నాను. కళ్లు మూసుకుని గట్టిగా లెక్కపెట్టాడు. రెండో తీగ ఎనిమిది దగ్గర వచ్చింది. తొమ్మిది, పది కూడా లెక్కపెట్టాకే కళ్లు తెరిచాడు.

చెయ్యి వంగేది కాదు, చాపితే పూర్తిగా వచ్చేది కాదు. అత్తమ్మ నువ్వుల నూనె కాచి పెట్టింది. ఆమెను నొప్పించడం ఇష్టం లేక డాక్టర్ గారితోనే ఫోన్లో చెప్పించాను. మోచేతిని రుద్దినా, బలవంతంగా వంచినా కండలో బొక్క లాంటిది గట్టిపడే ప్రమాదం ఉందని, వాడినే ఆడుకుంటూ వంచనివ్వమని చెప్పారు. ఆ నూనె ఆమె తన మోకాళ్లకు వాడుకుంది. వాడు ఎడమ చేత్తో చెంబు పట్టుకుని మొక్కలకు నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. ఆగస్టు చివరికి ఎడమ చేత్తో తన భుజం తాకగలిగాడు.

తొట్టి చుట్టూ మా ఆయన ఇనుప జాలీ వేశాడు. దసరా సెలవుల్లో ఇంకోసారి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. ఆ రోజే చెరువుగట్టు ఎక్కి మొక్కు కూడా తీర్చుకుని వస్తాం.